రెగ్యులేటర్ 80 డిగ్రీలు దాటిపోతోంది, చల్లగా ఉంచేదెలా?

తూనీగ912
అందరికీ నమస్కారం. నాది రోటాక్స్ 912 ఇంజిన్ ఉన్న రెండు సీట్ల విమానం, కిట్ తెచ్చి కట్టుకున్నది. రెగ్యులేటర్ (జనరేటర్ కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చి పంపే డబ్బా) ఫైర్‌వాల్‌కి, అంటే ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య ఉండే గోడకి, ఇంజిన్ వైపున, పైభాగంలో ఒక మూల బిగించి ఉంది. ఎండ బాగా ఉన్న రోజున వరసగా సర్క్యూట్లు (ఎగిరి, రన్‌వే చుట్టూ తిరిగి దిగడం) చేస్తుంటే వోల్టేజీ మొదట 14.1 చూపిస్తుంది, కాసేపటికి 13.4కి, ఒక్కోసారి 12.8 దాకా జారుతుంది. ఇంజిన్ చల్లారాక మళ్లీ మామూలుగా ఛార్జ్ చేస్తుంది.

అనుమానం వచ్చి కేసు మీద థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) అంటించాను. క్రూజ్‌లో (ఒకే ఎత్తులో పోతున్నప్పుడు) 78 డిగ్రీలు, పొడవాటి క్లైంబ్‌లో (పైకి ఎక్కుతున్నప్పుడు) 88. దిగి ఇంజిన్ ఆపేశాక ఇంకా పెరుగుతూ పోయి 97 దగ్గర ఆగింది. మాన్యువల్‌లో గరిష్ఠం 80 అని ఉంది. ఇన్‌స్ట్రుమెంట్లన్నీ కరెంటు మీదే ఆధారపడినవి కాబట్టి గాల్లో ఉండగా ఇది పూర్తిగా ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మీలో ఎవరైనా దీన్ని సరిచేసుకుని ఉంటే ఏం చేశారో చెప్పండి.

నీలిదారి
ఫైర్‌వాల్‌కి ఇటువైపు, అంటే కాక్‌పిట్ లోపలికి మార్చేయండి. ఇంజిన్ వేడి అసలు తగలదు. మా దగ్గర ఒకాయన అలాగే చేశారు, ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు.

పానాపెట్టె
నీలిదారి గారూ, అంత తొందరొద్దు. జనరేటర్ నుంచి వచ్చే రెండు పసుపు తీగల్లో ఉండేది ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు), అదీ రెగ్యులేటర్‌లోని థైరిస్టర్లు (ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) ముక్కలు ముక్కలుగా కోసే కరెంటు. వాటిని రేడియో, ఇంటర్‌కామ్ వైర్ల పక్కకి తీసుకొస్తే హెడ్‌సెట్‌లో ఇంజిన్ ఆర్‌పీఎంతో పాటు పెరిగే కూత మొదలవుతుంది. ఫైర్‌వాల్‌కి కొత్త రంధ్రాలు పడతాయి, ప్రతిదాన్నీ మంట ఆగేలా మూయాలి. అన్నిటికన్నా ముఖ్యం, రెగ్యులేటర్ ఎప్పుడైనా కాలితే ఆ పొగ పైలట్ ముఖం మీదికే వస్తుంది. కిట్ డిజైనరే లోపల పెట్టమని ఉంటే అది వేరే సంగతి. మనంతట మనం మార్చాలంటే అది చివరి మార్గంగానే ఉండాలని నా అభిప్రాయం.

ఓంసూత్రం
తూనీగ గారూ, ముందు కొలిచి తరవాత అడిగారు, చాలా సంతోషం. వోల్టేజీ పడిపోగానే చాలామంది బ్యాటరీ మారుస్తారు, ఆ తరవాత రెగ్యులేటర్ మారుస్తారు. కొత్తది కూడా అదే చోట, అదే వేడిలో కూర్చుని పాతదాని దారే పడుతుంది.

వేడి ఎక్కడ పుడుతోందో చూద్దాం. 912 వెనక భాగంలో ఉన్నది శాశ్వత అయస్కాంతాల జనరేటర్. దానికి ఫీల్డ్ కాయిల్ (అయస్కాంత బలాన్ని పెంచి తగ్గించే తీగచుట్ట) లేదు కాబట్టి ఉత్పత్తిని అక్కడే తగ్గించే వీలు లేదు. ఇంజిన్ తిరిగినంతసేపూ ఏసీ వస్తూనే ఉంటుంది. దాన్ని డీసీగా మార్చడం, 14 వోల్టుల చుట్టుపక్కల పట్టి ఉంచడం రెండు పనులూ ఆ చిన్న అల్యూమినియం డబ్బాదే. లోపల కరెంటు ఎప్పుడు వెళ్లినా ఒక డయోడ్, ఒక థైరిస్టర్ దాటి వెళ్లాలి. రెండింటి మీదా కలిపి సుమారు 2 వోల్టులు పోతాయి. మీరు 8 ఆంప్స్ వాడితే 16 వాట్లు, 16 ఆంప్స్ వాడితే 32 వాట్లు అక్కడే వేడిగా మారతాయి. 32 వాట్లంటే ఒక సోల్డరింగ్ ఐరన్‌ని డబ్బాలో పెట్టి మూత వేసినట్టు.

ఈ వేడి బయటికి పోవాలంటే చుట్టూ ఉన్న గాలి కేసు కన్నా చల్లగా ఉండాలి. కౌలింగ్ (ఇంజిన్ మీది తొడుగు) లోపల, అందులోనూ పైమూల, గాలే 60, 65 డిగ్రీలు ఉంటే 80 పరిమితికి ఇక మిగిలిన తేడా ఎంత? 15 డిగ్రీల తేడాతో 32 వాట్లు పంపడం కేసు మీది ఆ ఫిన్ల (రెక్కల్లాంటి పలకల) వల్ల కాదు. అందుకే మీకు ఒకటి కాదు, మూడు ప్రశ్నలున్నాయి. ఎంత కరెంటు తీసుకుంటున్నారు? కేసు నుంచి వేడి ఎటు పోతోంది? బయటి నుంచి దాని మీదికి ఎంత వేడి వచ్చి పడుతోంది?

మీ లోడ్ వివరాలు రాయగలరా?

చిన్నరెక్క
కొత్తవాణ్ణి, తెలుసుకోవాలని అడుగుతున్నాను. లోడ్ తక్కువగా ఉంటేనే రెగ్యులేటర్ ఎక్కువ వేడెక్కుతుందని, లైట్లు వేస్తే చల్లబడుతుందని ఒకరు చెప్పారు. ఓంసూత్రం గారు దానికి పూర్తిగా ఎదురు చెబుతున్నారు కదా?

ఓంసూత్రం
మంచి ప్రశ్న. మీకు చెప్పినాయన మాట షంట్ రకం రెగ్యులేటర్‌కి వర్తిస్తుంది. చాలా మోటార్ సైకిళ్లలో ఉండేది అదే. అక్కడ మనం వాడుకోని కరెంటును రెగ్యులేటర్ తనలోనే షార్ట్ చేసి తిప్పి పంపుతుంది, కాబట్టి లోడ్ తగ్గితే వేడి పెరుగుతుంది. 912తో వచ్చేది సిరీస్ రకం. అవసరమైనంతసేపే థైరిస్టర్ తెరుచుకుంటుంది, మిగతా సమయం మూసుకుని ఉంటుంది. ఇక్కడ లోడ్ పెరిగితే వేడి పెరుగుతుంది. ఎవరి విమానంలో ఏ రకం ఉందో ముందు తెలుసుకోవాలి, లేకపోతే మంచి సలహా కూడా చెడే చేస్తుంది.

తూనీగ912
లోడ్ ఇదండీ. ల్యాండింగ్ లైటు 100 వాట్ల హాలోజెన్, సర్క్యూట్‌లో ఉన్నంతసేపూ వేసే ఉంచుతాను. స్ట్రోబ్‌లు, డిజిటల్ డిస్‌ప్లే, రేడియో, ట్రాన్స్‌పాండర్, సహాయక ఫ్యూయల్ పంప్, ట్యాబ్లెట్ ఛార్జర్. క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే అన్నీ ఆన్‌లో ఉన్నప్పుడు 15 నుంచి 16 ఆంప్స్. స్టార్ట్ చేసిన వెంటనే బ్యాటరీ లాగేది దీనికి అదనం.

పానాపెట్టె
అదిగో. ఆ జనరేటర్ రేటింగే 5500 ఆర్‌పీఎం దగ్గర 250 వాట్లు, అంటే 18 ఆంప్స్‌కి కాస్త తక్కువ. మీరు దాదాపు అంచు మీద నడుపుతున్నారు. తక్కువ ఆర్‌పీఎంలో అంత కూడా రాదు. సర్క్యూట్‌లో పవర్ తగ్గించి దిగుతున్నప్పుడు బ్యాటరీయే లోటు పూడుస్తుంది, మళ్లీ క్లైంబ్‌లో పవర్ పెట్టగానే ఆ బాకీ అంతా రెగ్యులేటర్ మీద పడుతుంది. గాలి తక్కువగా ఉండేదీ సరిగ్గా ఆ క్లైంబ్‌లోనే.

మొదట ఆ హాలోజెన్ తీసేయండి. ఒక్క లైటే 7 ఆంప్స్. మంచి ఎల్‌ఈడీ ల్యాంప్ అయితే 2 ఆంప్స్‌తో సరిపోతుంది. ఆ 5 ఆంప్స్ తగ్గితే ఓంసూత్రం గారి లెక్కలో 10 వాట్ల వేడి పుట్టకుండానే పోతుంది. పుట్టిన వేడిని తరిమేకన్నా అది పుట్టకుండా చూసుకోవడం ఎప్పుడూ తేలిక. ఎల్‌ఈడీ కొనేటప్పుడు రేడియోకి శబ్దం తెచ్చిపెట్టనిది చూసుకోండి, చవకవి కొన్ని ఆ పని చేస్తాయి.

ఇక బిగింపు. మీ ఫైర్‌వాల్ స్టెయిన్‌లెస్ స్టీల్ రేకా?

తూనీగ912
అవును, పల్చటి స్టెయిన్‌లెస్ రేకు. దాని వెనక ఇన్సులేషన్ దుప్పటి. రెగ్యులేటర్ నేరుగా రేకుకే రెండు బోల్టులతో ఉంది. అంత పెద్ద రేకు ఉంది కదా, వేడి అందులోకి పోతుందనుకున్నాను.

పానాపెట్టె
పోదు తమ్ముడూ. చాలామంది ఇదే అనుకుంటారు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. వేడిని మోసే శక్తిలో స్టెయిన్‌లెస్‌కి సుమారు 15 మార్కులు వేస్తే అల్యూమినియానికి 160 నుంచి 200 దాకా వేయాలి. పైగా మీ రేకు అర మిల్లీమీటరు కూడా ఉండదు. బోల్టు చుట్టూ నాలుగు వేళ్ల మేర వేడెక్కుతుంది, అంతే, పక్కకి పాకదు. వెనక దుప్పటి ఉంది కాబట్టి అటూ పోదు. ఇంజిన్ వేడికి ఆ రేకే రెగ్యులేటర్ కన్నా వేడిగా ఉంటే, మీరు దాన్ని చల్లబరచడం మాట అటుంచి కింద నుంచి కాస్తున్నట్టే.

నేను చేసేది ఇది. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు, రెగ్యులేటర్ కన్నా రెండు మూడింతలు పెద్దది. రెగ్యులేటర్ అడుగు, ప్లేటు ముఖం రెండూ చదునుగా ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూసి, పెయింటు ఉంటే గీకేసి, మధ్యలో థర్మల్ పేస్ట్ చాలా పల్చగా పూయాలి. పేస్ట్ పని సందులు నింపడం మాత్రమే. దట్టంగా పూస్తే అదే అడ్డుగోడ అవుతుంది. ఈ ప్లేటును ఫైర్‌వాల్‌కి అతికించకుండా 10, 12 మిల్లీమీటర్ల స్పేసర్ల మీద నిలబెడితే వెనక నుంచి కూడా గాలి తిరుగుతుంది. ఫిన్లు నిలువుగా ఉండేలా బిగించండి. ఇంజిన్ ఆగిన తరవాత గాలి తనంతట తాను పైకి పోవాలంటే అదే దారి.

ఇప్పుడు మరిచిపోకూడని సంగతి. ఈ రెగ్యులేటర్‌కి కేసే ఎర్త్. స్పేసర్ల మీద, పేస్ట్ మీద, ఆనొడైజ్ చేసిన (కరెంటు పారని పూత ఉన్న) ప్లేటు మీద పెట్టి ఎర్త్ దొరుకుతుందిలే అనుకోవద్దు. కేసు బోల్టు నుంచి ఇంజిన్‌కి, బ్యాటరీ నెగటివ్ కలిసే చోటుకి లావాటి ఎర్త్ తీగ విడిగా వేయాలి. ఫైర్‌వాల్ కాంపోజిట్ (ఫైబర్‌గ్లాస్ లాంటిది) అయితే ఇక చెప్పక్కర్లేదు.

గాలివాటం
నేను కౌలింగ్ గాలి గురించి రాస్తాను, ఎందుకంటే ప్లేటు ఎంత పెద్దదైనా దానికి తగిలే గాలి వేడిదైతే లాభం లేదు.

ముందు నుంచి ఒక 25 మిల్లీమీటర్ల ట్యూబ్ తెచ్చి ఫిన్ల మీదికి వదలండి. చిన్నగా కనిపిస్తుంది కానీ లెక్క చూడండి. ట్యూబ్‌లో గాలి సెకనుకి 15 మీటర్లు కదిలినా సెకనుకి 7 లీటర్ల పైన వస్తుంది. ఆ గాలి 32 వాట్లను మోసుకుపోతే తాను వేడెక్కేది 4 డిగ్రీలే. అంటే గాలి పరిమాణం సమస్య కాదు. అది బయటి చల్లగాలి అయ్యుండాలి, ఫిన్ల మధ్యలోంచి పోవాలి, అంతే.

ఎక్కడి నుంచి తీసుకుంటున్నారన్నదే కీలకం. రేడియేటర్, ఆయిల్ కూలర్ వెనక నుంచి తీసుకుంటే అది అప్పటికే వేడెక్కిన గాలి. వాటి ముందు, లేదా విడిగా కౌలింగ్ ముక్కు దగ్గర చిన్న ఇన్‌లెట్ పెట్టి తీసుకోండి. ట్యూబ్ చివర ఫిన్లకి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, ఫిన్ల వెంట పోయేలా ఉండాలి. అడ్డంగా కొడితే మొదటి ఫిన్ మాత్రమే చల్లబడుతుంది. ట్యూబ్ సిలికోన్ పూత ఉన్న గ్లాస్ ఫైబర్‌ది వాడండి, మామూలు ప్లాస్టిక్ గొట్టం ఇంజిన్ గదిలో పెట్టకూడదు. ఇన్‌లెట్ కిందివైపుకి వాలి ఉంటే వాన నీళ్లు నేరుగా టెర్మినళ్ల మీదికి రావు.

క్లైంబ్‌లో మీకు 10 డిగ్రీలు ఎందుకు పెరిగిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. సెకనుకి 50 మీటర్ల వేగంలో ఇన్‌లెట్ ముందు దాదాపు 1,530 పాస్కల్స్ ఒత్తిడి ఉంటే, 30 మీటర్ల వేగంలో 550 మాత్రమే. మూడో వంతుకి కొంచెం ఎక్కువ. అదే సమయంలో ఇంజిన్ ఫుల్ పవర్‌లో ఉంటుంది. ముక్కు కొంచెం దించి వేగం పెంచి ఎక్కండి, ఖర్చు లేని మందు అది.

ఇంకో సంగతి. కొత్త ఇన్‌లెట్లు పెట్టుకుంటూ పోయి బయటికి పోయే దారిని అలాగే వదిలేస్తే, కౌలింగ్ లోపలి ఒత్తిడి పెరిగి రేడియేటర్ గుండా పోయే గాలి తగ్గుతుంది. రెగ్యులేటర్ చల్లబడి ఆయిల్ వేడెక్కిన విమానాలు చూశాను. 25 మిల్లీమీటర్ల ట్యూబ్ ఒక్కటైతే పెద్ద తేడా రాదు. అయినా మార్పు తరవాత ఆయిల్, కూలెంట్ ఉష్ణోగ్రతలు తప్పక గమనించండి.

నీలిదారి
ట్యూబ్ బదులు చిన్న ఫ్యాన్ పెడితే? ఆపాక కూడా తిరుగుతుంది కదా.

గాలివాటం
మాస్టర్ స్విచ్ (విమానం కరెంటు మొత్తానికీ ఉండే స్విచ్) ఆపితే ఫ్యాన్ కూడా ఆగుతుంది. విడిగా వైర్ ఇస్తే మరిచిపోయిన రోజు బ్యాటరీ ఖాళీ. ఆ వేడిలో, ఆ వణుకులో చిన్న ఫ్యాన్ బేరింగులు ఎన్నాళ్లు ఉంటాయి? అది ఆగిపోయినా మనకి తెలియదు. కదిలే భాగం లేని ట్యూబే నాకిష్టం.

ఓంసూత్రం
ఇప్పుడు తీగలు. పానాపెట్టె గారు ఎర్త్ దగ్గర మొదలుపెట్టారు, నేను మిగతాది చెబుతాను. ఇది గాలికీ ప్లేటుకీ సమానమైన విషయం, కానీ ఎవరూ చూడరు.

స్పేడ్ టెర్మినల్ (తీగ చివరి బల్లపరుపు కనెక్టర్) కాస్త వదులైనా, క్రింప్ (తీగను అందులో నొక్కి పట్టించడం) సరిగా పడకపోయినా అక్కడ 0.3 వోల్ట్ పోతుంది. 16 ఆంప్స్‌కి అది 5 వాట్లు. గోరంత ముక్కలో 5 వాట్లు! ఆ వేడి నేరుగా రెగ్యులేటర్ టెర్మినల్‌లోకి, దాని ప్లాస్టిక్‌లోకి పోతుంది. టెర్మినల్ చుట్టూ గోధుమ రంగు మచ్చ కనిపిస్తే అదే గుర్తు. వేలితో లాగితే సులువుగా ఊడి వచ్చే టెర్మినల్‌ని నొక్కి బిగించి వాడకుండా కొత్తది క్రింప్ చేయండి.

తరవాత సీ టెర్మినల్. రెగ్యులేటర్ వోల్టేజీని అక్కడి నుంచే చూసుకుంటుంది. మాస్టర్ స్విచ్ కాంటాక్టుల్లోనో, పొడవాటి సన్నటి తీగలోనో 0.4 వోల్ట్ పోతే, రెగ్యులేటర్ తన దగ్గర 14.2 వచ్చేదాకా నెడుతుంది, బ్యాటరీ దగ్గర అది 14.6 అవుతుంది. బ్యాటరీ ఎక్కువ లాగుతుంది, రెగ్యులేటర్ ఎక్కువ వేడెక్కుతుంది. ఎర్త్‌లో పోతే దీనికి తిరగబడి, బ్యాటరీకి తక్కువ అందుతుంది. మల్టీమీటర్ తీగలు పొడవుగా కాక్‌పిట్‌లోకి తెచ్చుకుని, కౌలింగ్ మూసి, లోపల కూర్చునే కొలవండి. తిరిగే ప్రొపెల్లర్ దగ్గర నిలబడి ఎవరూ కొలవద్దు. కేసుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య 0.1 కన్నా ఎక్కువ కనిపిస్తే ఎర్త్ సరిచేయాలి.

22,000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని కూడా గుర్తుపెట్టుకోండి. 912 ఛార్జింగ్ వైరింగ్‌లో అది తప్పనిసరి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కి ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకీ ఆయుష్షు సుమారు సగమవుతుంది. రెగ్యులేటర్ పక్కనే ఉంటే దాన్నీ ఆ మూల నుంచి తీసేయండి.

తేలికరెక్క
నా విమానంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంది. దానివల్ల ఏమైనా తేడా ఉంటుందా?

పానాపెట్టె
ఉంటుంది. దాని లోపలి నిరోధకం చాలా తక్కువ కాబట్టి స్టార్ట్ చేసిన వెంటనే జనరేటర్ ఇవ్వగలిగిందంతా లాగేస్తుంది. మొదటి కొద్ది నిమిషాలు రెగ్యులేటర్ ఫుల్ లోడ్ మీద ఉన్నట్టే. దిగి, బయట కాసేపు నిలబడి మళ్లీ వెంటనే ఎగిరేవాళ్లకి ఇది అన్నిటికన్నా గట్టి పరీక్ష. కేసు అప్పటికే 95లో ఉంటుంది, దాని మీద పూర్తి కరెంటు. రెండో స్టార్ట్ తరవాత లైట్లు, ఛార్జర్ల లాంటివి కాసేపు ఆపి ఉంచండి. ఆ బ్యాటరీకి ఓవర్ వోల్టేజీ రక్షణ ఉందో లేదో కూడా చూడండి. రెగ్యులేటర్ షార్ట్ అయి ఛార్జింగ్ అదుపు తప్పితే లిథియం ఓర్చుకోదు.

పాతరెక్క
నాది సర్టిఫై చేసిన పాత విమానం, బెల్ట్‌తో తిరిగే ఆల్టర్నేటర్. ఫైర్‌వాల్ మీది రెగ్యులేటర్ ఫీల్డ్‌కి వెళ్లే కొద్ది ఆంప్స్‌నే నడుపుతుంది కాబట్టి ఇంత వేడి దానికి రాదు. డయోడ్లు ఆల్టర్నేటర్‌లోనే ఉంటాయి, చల్లగాలి తెచ్చే బ్లాస్ట్ ట్యూబ్ కూడా దాని వెనక్కే పోతుంది. సర్టిఫైడ్ విమానాలున్నవాళ్లు ఇక్కడ చదివిన రంధ్రాలూ ట్యూబ్‌లూ ఆమోదం లేకుండా పెట్టొద్దు. మీ లైసెన్స్‌డ్ ఇంజినీర్‌ని అడగండి.

తూనీగ912
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. చేసినవి చెబుతాను.

మొదట తీగలు కొలిచాను. ఎర్త్ బాగానే ఉంది. మాస్టర్ స్విచ్ దాటేసరికి 0.4 వోల్ట్ పోతోంది, ఓంసూత్రం గారు ఊహించినంతే! నా వోల్ట్‌మీటర్ కూడా స్విచ్ దాటాక ఉండే బస్ (పరికరాలకి కరెంటు పంచే లైను) మీదే ఉంది, అందుకే 14.1 చూపించేది. బ్యాటరీ టెర్మినళ్ల మీద నేరుగా కొలిస్తే 14.5. స్విచ్ మార్చాను. ఒక జనరేటర్ తీగ టెర్మినల్ గోధుమ రంగుకి మారి ఉంది, అదీ కొత్తది వేశాను. ల్యాండింగ్ లైటు ఎల్‌ఈడీ. మొత్తం లోడ్ 10 ఆంప్స్‌కి దిగింది. ఇంతవరకే చేసి ఎగిరి చూస్తే క్రూజ్‌లో 70, క్లైంబ్‌లో 79.

తరవాత అల్యూమినియం ప్లేటు, స్పేసర్లు, విడి ఎర్త్ తీగ, ముక్కు నుంచి 25 మిల్లీమీటర్ల ట్యూబ్. ఇప్పుడు క్రూజ్‌లో 52, క్లైంబ్‌లో 60. బయట ఎండ మొదటిసారి కొలిచినప్పటిలాగే ఉంది. వోల్టేజీ అసలు జారడం లేదు. ఆయిల్, కూలెంట్ ఉష్ణోగ్రతల్లో తేడా రాలేదు.

ఇంజిన్ ఆపాక మాత్రం ఇంకా 88 దాకా వెళ్తోంది. దీన్ని వదిలేయవచ్చా?

ఓంసూత్రం
ఆపాక కరెంటు లేదు కాబట్టి లోపలి సిలికాన్ కూడా కేసు ఉష్ణోగ్రతలోనే ఉంటుంది. నడుస్తున్నప్పుడు కేసు 88 ఉంటే లోపల ఇంకా చాలా ఎక్కువ. రెండూ ఒకటి కాదు. అలాగని మంచిదనను, 80 దాటకుండా ఉంటేనే నాకు నిశ్చింత.

పానాపెట్టె
వదలొద్దు, తగ్గించవచ్చు. ఆపిన తరవాత వేడిగాలి అంతా పైకి చేరుతుంది, మీ రెగ్యులేటర్ సరిగ్గా ఆ పైమూలలో ఉంది. దిగగానే ఆయిల్ చూసే మూత తెరిచి ఉంచండి, విమానం ముక్కు గాలికి ఎదురుగా నిలపండి. ఎగ్జాస్ట్ పైపు నుంచి రెగ్యులేటర్‌కి నేరుగా చూపు అందుతుంటే మధ్యలో మెరిసే రేకు ఒకటి నిలబెట్టండి, దేనికీ ఆనకుండా రెండువైపులా ఖాళీ ఉండాలి. వచ్చే వార్షిక తనిఖీలో ఎలాగూ కౌలింగ్ విప్పుతారు కదా, అప్పుడు ప్లేటుతో సహా ఒక జానెడు కిందికి దించే వీలుందేమో చూడండి.

కేసు మీద ఉష్ణోగ్రత స్టిక్కర్ ఒకటి అంటించండి. దాని మీది గడులు ఒక్కోటి ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర నల్లబడి అలాగే ఉండిపోతాయి. థర్మోకపుల్ తీసేశాక కూడా ఎంతదాకా వెళ్లిందో ప్రీఫ్లైట్‌లో కనిపిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూసేవాళ్లు మెరిసే అల్యూమినియం మీద నేరుగా పెట్టొద్దు, బాగా తక్కువ చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి.

తూనీగ912
మూత తెరిచి నిలిపి చూశాను, 81 దగ్గర ఆగింది. ఎగ్జాస్ట్ పైపు మోచేయి రెగ్యులేటర్‌కి కనిపిస్తూనే ఉంది. రేకు ఎంత దూరంలో పెట్టాలి?

పానాపెట్టె
పైపుకి కనీసం 25 మిల్లీమీటర్లు ఎడంగా, రెగ్యులేటర్ వైపే ఎక్కువ ఖాళీ ఉండేలా. ఇంజిన్ వణుకుకి పైపు కదులుతుంది కాబట్టి రేకును ఇంజిన్‌కి కట్టొద్దు, ఫైర్‌వాల్ బ్రాకెట్‌కే బిగించండి. పెట్టాక ఫోటో వేయండి, ట్యూబ్ క్లిప్పులు కూడా అందులో కనిపించేలా తీయండి.